ఉదరాంతర్గత కోశంతో జీవనం: కాక్ శస్త్రచికిత్స పొందిన రోగుల దీర్ఘకాలిక ఆరోగ్యం – గోదావరి డెల్టా నేపథ్యం

వ్యాససంగ్రహం:

పెద్దప్రేగును పూర్తిగా తొలగించవలసి వచ్చిన రోగులలో కొందరికి చిన్నప్రేగు చివరిభాగంతోనే పొట్టలోపల ఒక కోశాన్ని నిర్మించి, మలాన్ని తమ అధీనంలో విసర్జించుకునే వీలు కల్పించే శస్త్రచికిత్సను ‘కాంటినెంట్ ఇలియాస్టమీ’ అంటారు. స్వీడన్ శస్త్రవైద్యుడు నిల్స్ కాక్ 1969లో దీనిని ప్రకటించాడు. ఈ రోగుల జీవితం శస్త్రచికిత్సతో ముగియదు. అక్కడి నుండి మొదలవుతుంది. కోశం, కవాటం ఎంతకాలం నిలుస్తాయి, శరీరంలో నీరు, ఉప్పు, విటమిన్ల సమతుల్యత ఎలా మారుతుంది, ఏ ఆహారం ఇబ్బంది కలిగిస్తుంది, అత్యవసర సమయంలో ఏం చేయాలి అనే అంశాలను నిడదవోలు పరిసర డెల్టా ప్రాంతపు వాతావరణం, ఆహారం, వైద్యసౌకర్యాల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయంలో తెలుగు పరిభాష స్పష్టంగా ఉండవలసిన అవసరాన్ని కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఇలియాస్టమీ, కాక్ కోశం, కవాటం, శేషాంత్రం, లవణలోపం, విటమిన్ బి12, గోదావరి డెల్టా, వైద్యపరిభాష.

1. ఉపోద్ఘాతం:

మానవుని జీర్ణవ్యవస్థలో పెద్దప్రేగు చేసే ముఖ్యమైన పనులు రెండు. చిన్నప్రేగు నుండి వచ్చే ద్రవంలోని నీటిని, ఉప్పును తిరిగి శరీరంలోకి పీల్చుకోవడం ఒకటి. విసర్జన సమయం వచ్చేవరకు మలాన్ని నిలవ ఉంచడం రెండవది. పెద్దప్రేగు లోపలి పొరను పుండ్లుగా మార్చే అల్సరేటివ్ కొలైటిస్ మందులకు లొంగనప్పుడు, వంశపారంపర్యంగా వందలాది పాలిప్‌లు ఏర్పడి కేన్సరుగా మారే ప్రమాదం ఉన్నప్పుడు, పెద్దప్రేగును పూర్తిగా తీసివేయవలసి వస్తుంది. అప్పుడు ఈ రెండు పనులూ ఒక్కసారిగా ఆగిపోతాయి.

ఈ లోటును పూరించడానికి మూడు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది, చిన్నప్రేగు చివరను పొట్టగోడ గుండా బయటికి తీసి, దానిపై ఒక సంచిని అతికించడం. ఇంగ్లండులో బ్రయన్ బ్రూక్ 1952లో ప్రేగు చివరను మడతవేసి మొగ్గలాగా నిలిపే పద్ధతిని ప్రకటించిన తర్వాత ఇది సురక్షితమైన చికిత్సగా స్థిరపడింది. రెండవది, 1969లో నిల్స్ కాక్ ప్రకటించిన ఉదరాంతర్గత కోశం. మూడవది, 1978లో లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన అలన్ పార్క్స్, జాన్ నికల్స్ ప్రకటించిన పద్ధతి. ఇందులో చిన్నప్రేగుతో చేసిన కోశాన్ని పాయువుకే కలుపుతారు. సహజమార్గం నిలుస్తుంది కనుక నేడు అధికశాతం రోగులకు ఈ మూడవ పద్ధతినే సూచిస్తున్నారు.

అయినప్పటికీ రెండవ పద్ధతికి కాలం చెల్లిపోలేదు. పాయువు కండరాలు బలహీనపడినవారికి, పాయువుకు కలిపిన కోశం విఫలమైనవారికి, బయటి సంచితో చర్మం నిరంతరం పుండుపడేవారికి ఇది ఇప్పటికీ ఒక మార్గమే. ఈ శస్త్రచికిత్సలో అనుభవం ఉన్న కేంద్రాలు ప్రపంచమంతటా కొద్దిగానే ఉన్నాయి. శస్త్రచికిత్స ఎక్కడో మహానగరంలోనో, విదేశంలోనో జరుగుతుంది. రోగి మాత్రం తన ఊరిలో, తన వంటింటి ఆహారంతో, తన ఊరి డాక్టరు పర్యవేక్షణలో దశాబ్దాలపాటు జీవించాలి. దీర్ఘకాలిక ఆరోగ్యం అనే అంశానికి ప్రాధాన్యం ఏర్పడేది ఇక్కడే.

2. పరిభాష – ఒక ఆచరణాత్మక సమస్య:

తెలుగునాట బయటి సంచి ఉన్న రోగి గురించి చెప్పేటప్పుడు ‘పొట్టకు సంచి పెట్టారు’ అంటారు. లోపలి కోశం ఉన్న రోగి గురించి చెప్పేటప్పుడు కూడా అదే మాట వాడితే ప్రమాదం ఉంది. బయటి సంచి ఉన్నవారిలో మలం తనంతట తాను నిరంతరం బయటికి వస్తుంది. లోపలి కోశం ఉన్నవారిలో గొట్టం పెడితే తప్ప రాదు. స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి వచ్చిన రోగి విషయంలో ‘సంచి’ అనే ఒక్క మాటను వైద్యసిబ్బంది పొరపాటుగా అర్థం చేసుకుంటే, రంధ్రంపై సంచి అతికించి, అది ఖాళీగా ఉండటం చూసి ప్రేగుకు అడ్డంకి ఏర్పడిందని భావించే అవకాశం ఉంది. లోపల కోశం మాత్రం నిండిపోతూ ఉంటుంది.

అందువల్ల ఈ వ్యాసంలో కొన్ని పదాలను నిర్దిష్టార్థంలో వాడటం జరిగింది. చిన్నప్రేగు చివరిభాగం ‘శేషాంత్రం’. పొట్టలోపల నిర్మించినది ‘కోశం’. పొట్టగోడపై కనిపించే రంధ్రం ‘ద్వారం’. కోశానికి, ద్వారానికి మధ్య ఉండి మలాన్ని ఆపేది ‘కవాటం’. గుండె విషయంలో ఈ మాట తెలుగు పాఠకులకు ఇప్పటికే పరిచితం. ‘సంచి’ అనే మాటను బయట అతికించే దానికి మాత్రమే పరిమితం చేయడం ఉచితం. రోగులకు ఇచ్చే సూచనపత్రాలలోనూ ఈ భేదాన్ని పాటించడం అవసరం.

3. కోశం నిర్మాణం, పనిచేసే విధానం:

శేషాంత్రపు చివరి నుండి సుమారు 45 సెంటీమీటర్ల ప్రేగును ఈ నిర్మాణానికి వినియోగిస్తారు. అందులో సుమారు 30 సెంటీమీటర్ల భాగాన్ని మడిచి, నిలువుగా చీల్చి, అంచులను కలిపి కుట్టడం ద్వారా కోశం ఏర్పడుతుంది. చీల్చి కుట్టడానికి ఒక కారణం ఉంది. ప్రేగు సహజంగా అలలు అలలుగా ముడుచుకుంటూ లోపలి పదార్థాన్ని ముందుకు నెడుతుంది. గొట్టపు ఆకారం పోయినప్పుడు ఆ ముడతల బలం ఒక దిశలో పనిచేయదు. ఫలితంగా కోశంలో ఒత్తిడి పెరగకుండా ఎక్కువ పదార్థం నిలవ ఉంటుంది.

మిగిలిన భాగాన్ని దానిలోకే దోపి, చొక్కా చేతిని లోపలికి తిప్పినట్టుగా, కోశం లోపలికి పొడుచుకువచ్చే కవాటంగా చేస్తారు. కాక్ మొదట కవాటం లేకుండా ఉదరకండరాల బిగువుపైనే ఆధారపడ్డాడు. అది చాలదని తేలిన తర్వాత కవాటాన్ని చేర్చాడు. కోశం నిండేకొద్దీ లోపలి ద్రవం కవాటాన్ని అన్ని వైపులనుండి నొక్కుతుంది. ఆ ఒత్తిడికే కవాటం మూసుకుంటుంది. నిడదవోలు మండలంలోని విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టా కాలువకు నీరు వదిలే తలుపులను ఎవరో ఒకరు దించితేనే నీరు ఆగుతుంది. ఈ కవాటం మాత్రం నిలిచిన ద్రవం బరువుతోనే బిగుసుకుంటుంది. తెరవడానికే మనిషి చేయి కావాలి.

రోగి రోజుకు మూడు నాలుగుసార్లు సుమారు ఒక సెంటీమీటరు మందం గల మెత్తని గొట్టాన్ని ద్వారం గుండా కోశంలోకి పంపి ఖాళీ చేసుకుంటాడు. శస్త్రచికిత్స అనంతరం మొదటి కొన్ని వారాలు గొట్టం లోపలే ఉంటుంది. తర్వాత విరామాన్ని క్రమంగా పెంచుతారు. మొదట చిన్నదిగా ఉన్న కోశం కొన్ని నెలలలో సాగి, అర లీటరు లేదా అంతకు మించి నిలవ ఉంచుకోగలుగుతుంది. ద్వారం చర్మంతో సమంగా, నడుముకు దిగువగా ఉంటుంది. దానిపై చిన్న గుడ్డ లేదా దూది పట్టీ చాలు.

4. కవాటం మన్నిక:

దీర్ఘకాలంలో ఈ నిర్మాణానికి బలహీనస్థానం కవాటమే. లోపలికి దోపిన ప్రేగు తిరిగి సాఫుగా అవడానికి ప్రయత్నిస్తూ ఉంటుంది. ముఖ్యంగా రక్తనాళాలు, కొవ్వు ఉండే పొర వైపు నుండి అది జారుతుంది. అలా జారినప్పుడు ద్వారం నుండి కోశానికి వెళ్ళే మార్గం పొడవుగా, వంకరగా మారుతుంది. దీని లక్షణాలు రెండు: గొట్టం సులభంగా లోపలికి వెళ్ళకపోవడం, మలం లేదా గాలి తనంతట తాను కారడం. ఈ రెండూ కలిసి కనిపించినప్పుడు కవాటం జారిందని అనుమానించాలి. ఇది శస్త్రచికిత్స తర్వాత మొదటి సంవత్సరంలో ఎక్కువగా జరుగుతుంది. చాలా సందర్భాలలో మరో శస్త్రచికిత్స అవసరమవుతుంది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 330 మంది రోగులను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 10 సంవత్సరాల తర్వాత 87 శాతం మందిలోనూ, 20 సంవత్సరాల తర్వాత 77 శాతం మందిలోనూ కోశం నిలిచి ఉంది. కోశాన్ని కోల్పోయినవారి కంటే నిలుపుకున్నవారి జీవననాణ్యత మెరుగ్గా ఉన్నట్లు కూడా ఆ పరిశీలన తెలిపింది. ఈ అంకెలను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కోశం నిలవడం అంటే మరమ్మతు లేకుండా నిలవడం అని కాదు. అలా నిలిచినవారిలో అనేకులు మధ్యలో ఒకటి రెండు పునఃశస్త్రచికిత్సలు చేయించుకున్నవారే. డెల్టా రైతులకు ఈ సంగతి వింతగా తోచదు. ఏటా వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, తలుపులు బాగుచేసుకోవడం వారికి వ్యవస్థ విఫలమైనట్లు కాదు, దాని నిర్వహణలో భాగం.

అయితే పునఃశస్త్రచికిత్సలకు ఒక హద్దు ఉంది. కోశాన్ని పూర్తిగా తీసివేయవలసి వస్తే దానితోపాటు సుమారు 45 సెంటీమీటర్ల ప్రేగు పోతుంది. క్రోన్స్ వ్యాధి ఉన్నవారిలో మిగిలిన ప్రేగుకు కూడా వ్యాధి సోకవచ్చు కనుక, వారికి సాధారణంగా ఈ శస్త్రచికిత్సను సూచించరు. ద్వారం చర్మం వద్ద ఇరుకుకావడం, ద్వారం పక్కన గిలక ఏర్పడటం, కోశం నుండి పక్కదారి పడటం, ఉదరంలో అతుకుల వల్ల ప్రేగు మూసుకుపోవడం అనేవి ఎదురుకాగల ఇతర సమస్యలు.

5. కోశపు వాపు:

నిలవ ఉన్న పదార్థంలో సూక్ష్మజీవులు పెరగడం సహజం. కాలక్రమంలో కోశం లోపలి పొర కూడా పెద్దప్రేగు పొరను పోలినట్లు మారుతుంది. కొందరిలో ఈ పొర వాచి, విసర్జన పలచబడి, పరిమాణం పెరిగి, నొప్పి, జ్వరం, కొన్నిసార్లు రక్తం కనిపిస్తాయి. అల్సరేటివ్ కొలైటిస్ వల్ల పెద్దప్రేగు కోల్పోయినవారిలో ఇది ఎక్కువ; పాలిప్‌ల వ్యాధివల్ల కోల్పోయినవారిలో తక్కువ. చికిత్స రెండు భాగాలు. కోశాన్ని తరచుగా లేదా నిరంతరంగా ఖాళీగా ఉంచడం, మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్ససిన్ వంటి సూక్ష్మజీవినాశకాలను డాక్టరు సూచించిన మేరకు వాడటం.

ఇక్కడ మన ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉంది. విరేచనాలు అనగానే మందులషాపులో రెండు మాత్రలు కొని వేసుకునే అలవాటు విస్తృతంగా ఉంది. కోశం ఉన్న రోగిలో పలచని విసర్జన మూడు వేర్వేరు కారణాల వల్ల రావచ్చు: కోశపు వాపు, కలుషిత నీటివల్ల వచ్చే సాధారణ అంటువ్యాధి, ప్రేగులో పాక్షికమైన అడ్డంకి. అడ్డంకి ఉన్నప్పుడు కూడా మొదట నీళ్ళవంటి విసర్జన కనిపించడం రోగిని, వైద్యుని పొరపాటుకు గురిచేస్తుంది. కారణం తేల్చకుండా విరేచనాలు కట్టే మాత్ర వేయడం ప్రమాదకరం. సూక్ష్మజీవినాశకాలను మాటిమాటికి స్వయంగా వాడితే, నిజంగా అవసరమైనప్పుడు అవి పనిచేయకపోవచ్చు.

పాలిప్‌ల వ్యాధి ఉన్నవారిలో కోశంలోనూ పాలిప్‌లు రావచ్చు. కేన్సరు అరుదు కాని అసాధ్యం కాదు. అందువల్ల నిర్ణీత వ్యవధిలో కోశం లోపలి భాగాన్ని ఎండోస్కోపీ ద్వారా పరీక్షించడం అవసరం. పురీషనాళాన్ని తొలగించకుండా మిగిల్చిన రోగులలో ఆ భాగాన్ని కూడా పరీక్షించాలి.

6. నీరు, ఉప్పు – డెల్టా వేసవిలో సమతుల్యత:

కోశం నిలవ చేసే పనిని మాత్రమే చేస్తుంది. నీటిని, ఉప్పును పీల్చుకునే పెద్దప్రేగు పని తిరిగి రాదు. ఆరోగ్యవంతుని మలంలో సోడియం చాలా స్వల్పం. పెద్దప్రేగు లేనివారి విసర్జన రోజుకు సాధారణంగా 500 నుండి 800 మిల్లీలీటర్ల వరకు ఉంటుంది. లీటరుకు సుమారు 120 మిల్లీమోల్స్ సోడియం అనుకుంటే, 600 మిల్లీలీటర్ల విసర్జనతో రోజుకు సుమారు 4 గ్రాముల ఉప్పు పోతుంది.

పెద్దలు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచిస్తుంది. రక్తపోటు నివారణకు ఇది మంచి సలహా. కాని పెద్దప్రేగు లేని రోగికి దానిని యథాతథంగా అన్వయించడం తగదు. ఇంట్లో రక్తపోటు ఉన్న పెద్దల కోసం అందరికీ చప్పిడి వంట చేసే కుటుంబాలలో ఈ రోగి నెలల తరబడి తెలియకుండానే లవణలోపానికి గురికావచ్చు. నీరసం, కాళ్ళ పిక్కలు పట్టేయడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, మూత్రం తగ్గడం దీని లక్షణాలు. రక్తపరీక్షలో సోడియం చాలాకాలం సాధారణంగానే కనిపిస్తుంది. మూత్రంలో సోడియం లీటరుకు 20 మిల్లీమోల్స్ కంటే తగ్గితే, శరీరం ఉప్పును బిగబట్టి దాచుకుంటోందని అర్థం. పెద్ద ఖర్చులేని ఈ పరీక్షను ఈ రోగులలో ప్రత్యేకంగా కోరి చేయించడం మంచిది.

నిడదవోలు పరిసరాలలో ఏప్రిల్, మే నెలలలో ఎండతోపాటు గాలిలో తేమ కూడా ఎక్కువ. చెమట ఆరదు, ఇంకా చెమట పడుతుంది. వరికోతల్లోనో, ఇటుకబట్టీలోనో, రైసుమిల్లులోనో పనిచేసే మనిషికి చెమటద్వారా పోయే ఉప్పు, విసర్జనద్వారా పోయే ఉప్పు రెండూ తోడవుతాయి. అప్పుడు దాహం వేసిందని మంచినీళ్ళు మాత్రమే ఎక్కువగా తాగితే లాభం లేకపోగా నష్టం జరగవచ్చు. ఉప్పులేని నీరు చిన్నప్రేగులోకి చేరినప్పుడు, ప్రేగుగోడ నుండి సోడియం ఆ నీటిలోకి ఊరుతుంది. విసర్జన మరింత పెరుగుతుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందువల్ల అవి కూడా ఒంటరిగా చాలవు.

ఉప్పు, చక్కెర కలిసి ఉన్నప్పుడు చిన్నప్రేగు రెండింటినీ కలిపి పీల్చుకుంటుంది. నీరు వాటిని అనుసరిస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాలలో దిలీప్ మహాలనబిస్ కలరా రోగులను కాపాడిన ద్రావణానికి ఆధారం ఈ సూత్రమే. నేటి ప్రపంచ ఆరోగ్యసంస్థ ఓఆర్‌ఎస్ పొడి లీటరు నీటిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉండేలా తయారవుతుంది. విసర్జన విపరీతంగా ఉన్నప్పుడు ఇంతకంటే ఎక్కువ సోడియం ఉన్న ద్రావణాన్ని డాక్టరు సూచించవచ్చు. సాధారణ దినాలలో ఉప్పు వేసిన గంజి, ఉప్పు కలిపిన మజ్జిగ మన వంటింట్లోనే ఉన్నాయి. గంజిలోని పిండిపదార్థం ప్రేగులో నెమ్మదిగా గ్లూకోజుగా మారుతూ ఉప్పును లోపలికి చేరవేస్తుంది. గంజి వార్చి పారబోయడం, కుక్కరులో అన్నం వండటం అలవాటైన ఇళ్ళలో దీనిని తిరిగి గుర్తుచేయవలసి ఉంది.

నీటిలోటు మూత్రపిండాలపైనా ప్రభావం చూపుతుంది. విసర్జనతో క్షారగుణం గల బైకార్బొనేటు కూడా పోవడంవల్ల మూత్రం చిక్కగా, ఆమ్లంగా మారుతుంది. అందులో యూరిక్ ఆమ్లపు రాళ్ళు ఏర్పడతాయి. రోజుకు కనీసం ఒక లీటరుకు పైగా లేతరంగు మూత్రం రావడం రోగి తనంతట తాను చూసుకోగల కొలమానం.

7. పోషకాలు – విటమిన్ బి12, యల్లాప్రగడ సుబ్బారావు స్మృతి:

విటమిన్ బి12ను శరీరం పీల్చుకునేది శేషాంత్రపు చివరిభాగంలోనే. కోశం నిర్మించేది సరిగ్గా ఆ భాగంతోనే. అక్కడ సూక్ష్మజీవులు పెరిగితే అవి కూడా ఆ విటమిన్‌ను వాడుకుంటాయి. కాలేయంలో కొన్ని సంవత్సరాలకు సరిపడే నిల్వ ఉంటుంది కనుక లోపం వెంటనే బయటపడదు. శస్త్రచికిత్స జరిగిన మూడు నాలుగేళ్ళకు, రోగి తాను పూర్తిగా కోలుకున్నానని భావించి ఆసుపత్రికి వెళ్ళడం మానేసిన తర్వాత, ఇది మెల్లగా తలెత్తుతుంది. శాకాహార కుటుంబాలలో మొదటి నుండి నిల్వలు తక్కువ కనుక మరింత త్వరగా రావచ్చు.

ఈ సందర్భంలో నిడదవోలు నుండి చీలే రైలుమార్గంలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావును స్మరించుకోవడం సముచితం. చిన్నప్రేగు పోషకాలను పీల్చుకోలేని స్ప్రూ వ్యాధితో ఆయన సోదరులు మరణించారు. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది చికిత్స అయింది. అయితే ఆ తర్వాతి కాలంలో వైద్యులు నేర్చుకున్న పాఠం ఒకటుంది. బి12 లోపంవల్ల వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాళ్ళలో తిమ్మిరి, నడకలో తూలడం మొదలయ్యేసరికి కొంత నష్టం శాశ్వతమవుతుంది. గ్రామీణ ఆరోగ్యకేంద్రాలలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు సులభంగా దొరుకుతాయి. కోశం ఉన్న రోగికి, ముఖ్యంగా గర్భవతికి, వాటిని ఇచ్చేముందు బి12 స్థాయిని పరీక్షించడం, అవసరమైతే ఇంజక్షన్ ఇవ్వడం తప్పనిసరి.

పైత్యరసలవణాలను తిరిగి పీల్చుకునేది కూడా శేషాంత్రమే. ఆ భాగం తగ్గినప్పుడు కొవ్వు సరిగా జీర్ణం కాకపోవడం, పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడటం జరగవచ్చు. కొవ్వులో కరిగే విటమిన్ డి తగ్గితే ఎముకలు బలహీనపడతాయి. మెగ్నీషియం లోపిస్తే కండరాలు పట్టేస్తాయి. ఏడాదికొకసారి రక్తహీనత, బి12, ఐరన్ నిల్వలు, విటమిన్ డి, మెగ్నీషియం, మూత్రపిండాల పనితీరు, మూత్రంలో సోడియం పరీక్షించుకోవడం ఈ రోగుల ఆరోగ్యరక్షణకు పునాది.

8. ఆహారం:

కోశం ఉన్నవారికి నిషిద్ధాహారాల పట్టిక పెద్దది కాదు. గొట్టం రంధ్రంలో ఇరుక్కునే పీచుపదార్థమే అసలు ఇబ్బంది. పాశ్చాత్య సూచనపత్రాలలో పుట్టగొడుగులు, సెలరీ వంటివాటి పేర్లు ఉంటాయి. మన రోగికి అవి ఉపయోగపడవు. గోదావరి డెల్టాలో జాగ్రత్త పడవలసినవి వేరు. తేగల పీచు, పనసతొనలు, ములక్కాడల పిప్పి, పచ్చికొబ్బరి, జామగింజలు, మొక్కజొన్న గింజలు, బత్తాయి తొనల పొర, పీచున్న మామిడిపండు, గోంగూర ఈనెలు అటువంటివి. వీటిని మానేయడం కంటే రూపం మార్చడం మేలు. ములక్కాడ రసం తాగి పిప్పి వదిలేయవచ్చు. మామిడిరసాన్ని వడకట్టవచ్చు. కొబ్బరిని పాలుగా తీసి వాడవచ్చు. గోంగూరను ఈనెలు తీసి మెత్తగా రుబ్బవచ్చు. అన్నం, మెత్తగా ఉడికిన పప్పు, చేపలు, గుడ్లు, పెరుగు, అరటిపండు చాలామందికి సరిపడతాయి.

విసర్జన చిక్కబడి గొట్టంలోంచి రాకపోతే, కొద్దిపాటి గోరువెచ్చని శుభ్రమైన నీటిని గొట్టం ద్వారా లోపలికి పంపి కడుక్కోవచ్చు. భోజనాన్ని బాగా నమలడం ఈ రోగులకు మందుతో సమానం. పెళ్ళిభోజనాలలో వడ్డించినవన్నీ తినాలనే మర్యాద ఈ రోగి విషయంలో సడలించడం బంధువులు చేయగల సహాయం.

9. మందులు, గర్భధారణ, వృద్ధాప్యం:

ప్రేగులో ఆలస్యంగా కరిగేలా పూతవేసిన మాత్రలు, రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు ఈ రోగులలో పూర్తిగా కరగకుండానే కోశంలోకి చేరవచ్చు. మాత్ర గొట్టంలో యథాతథంగా కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మూత్రం పెంచే రక్తపోటు మందులు నీటిలోటును పెంచుతాయి. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కొందరిలో విసర్జనను పలచన చేస్తుంది. కీళ్ళనొప్పులకు వాడే కొన్ని నొప్పినివారక మాత్రలు కోశంలో పుండ్లు కలిగించవచ్చు. ఏ పరీక్షకు ముందైనా ప్రేగు శుభ్రం కావడానికి ఇచ్చే విరేచనకారి మందులను ఈ రోగులకు ఇవ్వరాదు. పెద్దప్రేగే లేదు కనుక వాటివల్ల నీరు, ఉప్పు ప్రమాదకరంగా పోతాయి.

కోశం ఉన్న స్త్రీలు గర్భం ధరించి బిడ్డను కనగలరు. గర్భాశయం పెరిగేకొద్దీ కోశం స్థానం మారి గొట్టం పెట్టడం కష్టం కావచ్చు. ప్రసూతివైద్యులు, శస్త్రవైద్యులు ముందుగానే సంప్రదించుకోవాలి. వృద్ధాప్యంలో ఎదురయ్యే సమస్య వేరు. చూపు మందగించినా, చేతులు వణికినా, మతిమరుపు వచ్చినా గొట్టం పెట్టుకోవడం కష్టమవుతుంది. బయటి సంచి ఉన్నవారికి ఇతరులు సహాయం చేయడం కొంత సులభం. కోశం విషయంలో సహాయకునికి శిక్షణ కావాలి. కుటుంబంలో కనీసం ఇద్దరికి ఈ పని ముందే నేర్పించడం వివేకం.

10. అత్యవసర సమయంలో:

గొట్టం ఎంతకూ లోపలికి వెళ్ళకపోవడం ఈ రోగుల ప్రధాన అత్యవసర స్థితి. కోశం నిండేకొద్దీ ఒత్తిడి పెరిగి కవాటం మరింత బిగుసుకుంటుంది. బలవంతంగా నెట్టితే కోశం గోడకు రంధ్రం పడవచ్చు. పడుకుని, పొట్ట వదులుచేసి, గొట్టానికి జెల్లీ రాసి మెల్లగా ప్రయత్నించాలి. ఫలితం లేకపోతే కొద్ది గంటలలో ఎండోస్కోపీ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరాలి. నిడదవోలు నుండి అటువంటి సౌకర్యం కోసం రాజమహేంద్రవరమో, కాకినాడో వెళ్ళవలసి ఉంటుంది కనుక ప్రయాణకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ప్రమాదంలో స్పృహకోల్పోయిన రోగి తన సంగతి తాను చెప్పలేడు. అందుకే ప్రతి రోగి వద్ద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ముద్రించిన కార్డు ఉండాలి. అందులో ఉండవలసిన అంశాలు:

1) పొట్టలోపల కోశం ఉంది, అది తనంతట తాను ఖాళీకాదు.
2) గొట్టం పరిమాణం, లోపలికి పంపవలసిన పొడవు, ఖాళీ చేయవలసిన విరామం.
3) పెద్దప్రేగు లేదు; విరేచనకారి మందులు, ఎనిమా ఇవ్వరాదు.
4) నీరు, ఉప్పు త్వరగా లోపిస్తాయి; సెలైన్ ఆలస్యం చేయరాదు.
5) శస్త్రచికిత్స జరిగిన సంవత్సరం, ఆసుపత్రి, కుటుంబసభ్యుల ఫోన్ నంబరు.

ప్రయాణాలలో రెండు గొట్టాలను వేర్వేరు సంచులలో ఉంచుకోవడం మంచిది. ఒకటి పోయినా రెండవది ఉంటుంది.

11. సామాజిక అంశాలు:

బయటి సంచి లేకపోవడంవల్ల ఈ రోగులు దుస్తులు, పని, స్నానం, దాంపత్యం విషయాలలో ఎక్కువ స్వేచ్ఛను పొందుతారు. కవాటం సరిగా ఉన్నప్పుడు గోదావరి స్నానానికీ అభ్యంతరం లేదు. అయితే వ్యాధి బయటికి కనిపించకపోవడంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. కార్యాలయంలో, తరగతి గదిలో, రైలులో వీరికి శుభ్రమైన మరుగుదొడ్డి, చేతులు కడుక్కోవడానికి నీరు, పదిహేను నిమిషాల ఏకాంతం కావాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో పేర్కొన్న 21 వైకల్యాల జాబితాలో ఇలియాస్టమీ ప్రత్యేకంగా లేదు. అందువల్ల ఈ సౌకర్యాలు చట్టంకంటే పై అధికారి సహృదయతపైనే ఎక్కువగా ఆధారపడుతున్నాయి. మలవిసర్జన గురించి మాట్లాడటాన్ని మైలగా భావించే సంస్కారం ఈ రోగుల మౌనాన్ని మరింత పెంచుతుంది. పెళ్ళిసంబంధాలు చూసే వయసులో ఉన్న యువతీయువకులకు ఈ మౌనం ఎక్కువ భారం. కళాశాలలలోని అధ్యాపకులు ఇటువంటి విద్యార్థికి పరీక్షసమయంలో బయటికి వెళ్ళే అనుమతి ఇవ్వడం చిన్న విషయంగా కనిపించవచ్చు. అతని చదువు కొనసాగడానికి అది చాలు.

12. ముగింపు:

కాక్ కోశం ఉన్న రోగుల దీర్ఘకాలిక ఆరోగ్యాన్ని మూడు అంశాలు నిర్ణయిస్తున్నాయి. మొదటిది కవాటం మన్నిక. దీనిని శస్త్రవైద్యుని నైపుణ్యం, సకాలంలో జరిగే మరమ్మతు నిలబెడతాయి. రెండవది నీరు, ఉప్పు, బి12ల సమతుల్యత; ఇది స్థానిక డాక్టరు, రోగి వంటింటి పరిధిలోనిది. మూడవది సమాచారం, అత్యవసరంలో సిబ్బందికి అర్థమయ్యే మాట, రోగికి తన భాషలో అందే సూచన. మొదటిదానికి నిడదవోలు వంటి పట్టణం పెద్ద నగరాలపై ఆధారపడక తప్పదు. మిగిలిన రెండూ ఊరిలోనే సాధ్యం. ఏడాదికొక రక్తపరీక్ష, ఉప్పు వేసిన గంజి, జేబులో ఒక కార్డు ఖరీదైనవి కావు. ‘సంచి’కి, ‘కోశా’నికి మధ్య భేదాన్ని స్థిరపరిచే తెలుగు వైద్యపరిభాషను రూపొందించడం, స్థానిక ఆహారం ఆధారంగా సూచనపత్రాలను రచించడం భాషాపరిశోధకులు, వైద్యులు కలిసి చేపట్టదగిన పని.